ఈతచెట్టు కింద రాళ్లు

మంచు పోస్టు నుంచి
15 అక్టోబర్ 2024

అక్కా,

ముందు నన్ను నాలుగు తిట్లు తిట్టి ఆ తర్వాత చదువు. చెప్పవలసిన ముచ్చట ఒకటి చెప్పకుండానే వచ్చేశాను. సెలవు మధ్యలో పటాలం నుంచి పిలుపు రావడం, అప్పటికప్పుడు బట్టలు సర్దుకుని బస్సెక్కడం, ఆ ఆగంలో మర్చిపోయాను. రైల్లో రెండు రోజులు ఫోను చేతిలోనే ఉంది. అప్పుడు యాదికి రాలేదు. టవరు లేని ఈ చోటుకొచ్చాక అన్నీ ఒక్కొక్కటే యాదికొస్తున్నాయి.

ముచ్చట ఏమిటంటే, మన స్కౌటు పిల్లల కోసం గాజులగుట్ట మీద గుర్తుల బాట పెట్టి వచ్చాను. ఆదివారం నేనే ఆడించాలనుకున్నాను. ఎక్కే బాటలో రాళ్లతో బాణాలుంటాయి, పోగూడని చోట రెండు కట్టెలు అడ్డంగా ఉంటాయి. చివరిది ఈతచెట్టు కింద, గుట్ట దిగి బస్తీకి పోయే బాట మొదట్లో. గుండ్రంగా రాళ్లు, నడుమ ఒక రాయి. ‘నేను ఇంటికి పోయాను’ అని దాని అర్థం, నీకు తెలుసు కదా. దాన్ని ముందు పట్టుకున్న జట్టు గెలిచినట్టు. ఇది అందాక వచ్చే ఆదివారం నువ్వు ఆడించు. ఆట కాగానే రాళ్లన్నీ తీసెయ్. పెట్టినవాడే తీయాలని పిల్లలకు పాఠం చెప్పిందీ నేనే, తీయకుండా వచ్చిందీ నేనే.

మల్లేశం అన్న కూడా దళం మనిషే కదా, తప్పక వెంట తీసుకుపో. పెద్దవాళ్లు ఇద్దరు లేకుండా పిల్లలను గుట్ట ఎక్కించొద్దు. ఆయన బోరుమోటార్ల రిపేర్లు ఒక పూట ఆగితే ఏమీ కాదు.

నా ఈల కొమురేశ్‌కు ఇచ్చాను. జట్టు నాయకుడయ్యాక వాడి నడకే మారింది చూశావా? వాళ్లమ్మ కొండవ్వ మార్కెట్లో కనపడి అడిగింది, “సారూ, గీ స్కౌటు పనికి నీకు జీతమెంతిస్తరు?” అని. ఏమీ ఇవ్వరని చెప్పాను. “మీ అక్కకు?” ఆమెకూ ఇవ్వరన్నాను. కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని కాసేపు నా ముఖం చూసింది. “గట్లయితె మీరు మంచోళ్లన్న గావాలె, పనిలేనోళ్లన్న గావాలె” అంది. నవ్వు ఆగలేదు నాకు.

నీకు ఇష్టం లేకున్నా స్కౌటు దళం నీ నెత్తిన పెట్టి వచ్చానని తెలుసు. వేసవికి వస్తాను, అప్పుడు తీసుకుంటాను. రేపు హెలికాప్టరు వస్తే ఈ ఉత్తరం పోతుంది.

ఉన్ని సాక్సులు వేసుకున్న నీ
నర్సింలు


సిద్దిపేట
24 నవంబర్ 2024

నర్సింలూ,

కూర్చుని చదువు. మన కొమురేశ్ చనిపోయాడు. పోయిన ఆదివారం, గాజులగుట్ట మీద, నా బాధ్యతలో ఉన్నప్పుడే.

నీకు అన్నీ వరుసగా చెప్పాలి, లేకపోతే నాకే పిచ్చెక్కుతుంది. పిల్లలను పొద్దున్నే తీసుకుని గుట్టకు పోయాను. మల్లేశం రాలేదు, వాళ్ల బామ్మర్ది పెళ్లికి హుస్నాబాద్ పోయాడు. ఇద్దరుండాలన్న నియమం నాకు తెలుసు. పిల్లలు వారమంతా ఎదురుచూశారు, ఏమవుతుందిలే అనుకుని ఎక్కించాను. కొమురేశ్ నా దగ్గరికొచ్చి, “టీచర్, ఇయ్యాల జెల్ది పోవాలె, అవ్వకు జెరమొచ్చింది” అన్నాడు. సరే, చెప్పి పో అన్నాను.

దిగేటప్పుడు వాణ్ని అందరి వెనక నడవమన్నాను. కింద లెక్క చూస్తే వాడు లేడు. పిలిచాను, పలకలేదు. మళ్లీ పైకి పోదామని తిరిగితే ఈతచెట్టు కింద గుండ్రంగా రాళ్లు, నడుమ ఒక రాయి. ఇంటికి పోయాడు అనుకున్నాను. వెనక నుంచి అడ్డబాటన దిగి, చెప్పినట్టే గుర్తు పెట్టి పోయాడు, ఎంత పద్ధతిగల పిల్లవాడు అని లోపల మురిసిపోయాను కూడా. మిగతా పిల్లలను తీసుకుని వచ్చేశాను.

చీకటి పడ్డాక కొండవ్వ జ్వరంతోనే మా ఇంటికొచ్చింది. “టీచరమ్మా, నా కొడుకేడి?” అంది. బస్తీ అంతా లేచింది. బస్టాండు చూశారు, చెరువుగట్టు చూశారు, చుట్టాలందరికీ ఫోన్లు చేశారు. గుట్టకు పోదామని ఇద్దరు ముగ్గురు అన్నారు. వద్దని చెప్పింది నేనే. వాడు గుట్ట దిగినట్టు గుర్తు పెట్టాడు, నా కళ్లతో చూశాను, అక్కడ వెతికి లాభం లేదు అన్నాను.

తెల్లారి మేకలవాళ్లు చూశారు. పాత క్వారీ గుంతలో, నీళ్ల పక్కన బండ మీద పడి ఉన్నాడు. కాలు విరిగింది, తలకు దెబ్బ. తెల్లవారే దాకా ప్రాణం ఉండి ఉండొచ్చని దవాఖానలో డాక్టరు అన్నాడు. గుట్ట కింద ఇటుక బట్టీకి కాపలా ఉండే ముసలాయన ఈల చప్పుడు విన్నాడట. స్కౌటు పిల్లలు ఆడుకుంటున్నారు అనుకున్నాడట. నీ ఈల వాడి మెడలోనే ఉంది. చేతికి ఒక నీళ్ల సీసా తాడు చుట్టుకుని ఉంది, అది వాడిది కాదు.

ఇంటికి పోయానని గుర్తు పెట్టి క్వారీకి ఎందుకు పోయాడు? నిద్ర లేదు నాకు. నువ్వు వాణ్ని నాకంటే బాగా ఎరుగుదువు, చెప్పు.

నీ అక్క
రోజారాణి


మంచు పోస్టు
15 డిసెంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం నిన్న రేషన్ మూటలతో పాటు వచ్చింది. చదివి బయటికి పోయి మంచులో నిలబడ్డాను. మా హవల్దారు వచ్చి చేయి పట్టుకుని లోపలికి తెచ్చాడు.

ముందు కోపం చెప్పి తీరతాను. ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా ఎందుకు ఎక్కించావు? అంత చిలక్కి చెప్పినట్టు రాశాను కదా. సరే, ఇప్పుడు అని ఏం లాభం.

నువ్వు అడిగినదానికి నాకు తోచింది చెబుతాను. అంతకు ముందు ఆదివారం నువ్వు నా గుర్తుల ఆట ఆడించావు కదా. ఈతచెట్టు కింద నేను పెట్టింది వాడు చూశాడు. నువ్వు తీసేశాక, వాడు అదే చోట అట్లాంటిదే సొంతంగా పెట్టాడు. గుంతలో నీళ్లున్నాయి, పన్నెండేళ్ల పిల్లవాడు, ఈతకు మనసు లాగి ఉంటుంది. అడిగితే వద్దంటావని ఇంటికి పోయినట్టు గుర్తు పెట్టి పోయాడు. నాకు వాడంటే ప్రాణం అక్కా, అయినా పిల్లలు పిల్లలే.

విచారణకు ఎవరైనా వస్తారు. ఆ గుర్తు సంగతి దాచకుండా చెప్పు. మనం నేర్పిన గుర్తును నువ్వు నమ్మావు. నమ్మడం నీ తప్పు కాదు. ఏ స్కౌట్ మాస్టరైనా అదే చేసేవాడు. జీతం లేని పనికి నువ్వు జైలుకు పోతే నేను బతకలేను.

కొండవ్వకు నా తరఫున ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వే ఏదైనా చెప్పు.

నర్సింలు


సిద్దిపేట
12 జనవరి 2025

నర్సింలూ,

నీ ఉత్తరంలో నా ఆట, నీ ఆట అని ఏదేదో రాశావు. ఏ ఆటో నాకు అర్థం కాలేదు. అంత ఎత్తున చలికి మనసు చెదిరిందేమో అనుకున్నాను. తిరిగి అడిగే ఓపిక లేదు, విచారణ నెత్తి మీదికొచ్చింది.

స్కౌటు జిల్లా ఆఫీసు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. నువ్వు చెప్పినట్టే చెప్పాను. పిల్లవాడు తప్పుడు గుర్తు పెట్టి, నాయకురాలిని నమ్మించి, ఈతకు పోయి ప్రమాదానికి గురయ్యాడని రాసుకున్నారు. సంతకం చేయమంటే చేశాను. రెండో మనిషి లేకుండా పోయినందుకు ఒక హెచ్చరిక ఇచ్చి, దళం నన్నే నడపమన్నారు. మల్లేశం స్వీటు డబ్బా తెచ్చాడు. దాన్ని వాకిట్లోకి విసిరేశాను. పాపం, ఆయన మంచి మనసుతోనే తెచ్చాడు.

ఒక మాట నీతో చెప్పనీ. వాడు దొరికినప్పుడు ఒంటి మీద యూనిఫాం ఉంది, మెడకు స్కార్ఫ్ ఉంది, కాళ్లకు బూట్లున్నాయి, లేసులు కట్టి ఉన్నాయి. బూట్లు వేసుకుని ఈతకు ఎవరు పోతారు? ఆ మాట వాళ్లు అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను.

కొండవ్వ సంగతి విను. బొంద పెట్టే రోజు వాడి యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి తీసుకుపోయాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. “అబద్దమాడి సచ్చినోనికి గా బట్టలెందుకు టీచరమ్మా? స్కౌటంటె మాట తప్పనోడు అని వాడే జెప్పెటోడు” అంది. పాత చొక్కా వేసి పంపించింది. అప్పటికే బస్తీ అంతా ఆ మాటే అనుకుంటోంది, నేను చెప్పిన మాటే.

కానీ రోజూ సాయంత్రం మార్కెట్ నుంచి గంప దించుకుని నేరుగా గుట్టకు పోతుంది. ఈతచెట్టు కింద ఆ రాళ్లకు పసుపు పెట్టి, ఒక అగరుబత్తి ముట్టిస్తుంది. మేకలు రాకుండా చుట్టూ ముళ్లకంప నాటింది. పిల్లలు ఆ దరికి పోతే గద్దిస్తుంది. “నా కొడుకు చేతులతోని ఆఖరుకు పెట్టినయి గివే. ఎవలన్న ముట్టిన్రంటె చేతులు ఇరగ్గొడ్త” అంటుంది. ఒకనాడు నేనూ పోయి పక్కన కూర్చున్నాను. పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు.

రోజారాణి


సిద్దిపేట
9 ఫిబ్రవరి 2025

నర్సింలూ,

అక్టోబరులో నువ్వు రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. తడిసి, ఆరి, అప్పడం లెక్క గట్టిపడింది. మీ సంచి ఏదో కనుమలో మంచులో ఇరుక్కుని, దారి తెరిచాక దిగిందని పోస్ట్‌మ్యాన్ చెప్పాడు. వాకిట్లో నిలబడి చదివాను. సాక్సుల దాకా చదివి, మళ్లీ మొదటికి పోయి చదివాను.

నేను నీ ఆట ఆడించలేదు. నువ్వు బాట పెట్టిన సంగతే నాకు తెలియదు. నువ్వు పోయాక ఆ ఆదివారమే మొదటిసారి గుట్టకు పోయాను, అదీ పొద్దున వేరే బాటన ఎక్కాను. ఆ రాళ్లు నీవి.

ఇప్పుడు నీ డిసెంబరు ఉత్తరం అర్థమైంది. నేను ఆడించాననుకున్నావు, తీశాననుకున్నావు. అబద్ధం రాయలేదు నువ్వు. అది నాకు తెలుసు. అయినా నిన్న నువ్వు ఎదురుగా ఉంటే చెంప మీద కొట్టేదాన్ని. రెండు రోజులు ఫోను చేతిలో పెట్టుకుని ఏం పాటలు విన్నావురా?

నన్ను కూడా కొట్టుకుంటున్నాను. ఒక్క రాయి ఎత్తి చూసి ఉంటే కింద గడ్డి తెల్లబడి కనిపించేది, ఇవి ఇవాళ్టివి కావని తెలిసేది. పిల్లలకు నువ్వు నేర్పిన పాఠమే. ఆ పూట నేను వంగలేదు.

ఇంకొకటి. ఆ నీళ్ల సీసా ఎవరిదో తెలిసింది. దళంలో అందరికంటే చిన్నవాడిది. నిన్న సాయంత్రం వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగాను. ఏడుస్తూ చెప్పాడు. “నేనే క్వారీ కాడ మర్శిపొయిన టీచర్. కొమురేశన్న నువ్వు నడు, నేను తెస్త అన్నడు.” ఇన్నాళ్లు భయపడి చెప్పలేదట. అందరి వెనక నడిచేవాడి పని అదే కదా, ఏదీ, ఎవరూ వెనక మిగలకుండా చూడటం. నేను చెప్పిన పని చేస్తూ పోయాడు వాడు.

వాడు అబద్ధమాడలేదు. వాణ్ని అబద్ధాలకోరు అని రాసిన కాగితం మీద నా సంతకం ఉంది. విచారణకు వచ్చినవాళ్లకు ఇవాళే రాసి పంపుతున్నాను, నీ ఉత్తరం నకలు కూడా పెట్టి. దళం బాధ్యత కూడా వదులుకుంటున్నాను. కొండవ్వకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. చెబితే కొడుకు మంచివాడని తెలుస్తుంది, ఆ రాళ్లు వాడివి కావని కూడా తెలుస్తుంది. ఆమెకు మిగిలింది ఆ రాళ్లే.

రోజారాణి


మంచు పోస్టు
2 మార్చి 2025

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

నేనే చంపాను వాణ్ని. నువ్వు రాయకపోయినా నాకు అర్థమైంది. ఇక్కడ డ్యూటీలో నిలబడితే ఈల వినపడుతోంది. గాలి అని నాకు తెలుసు.

ఒక్కటి అడుగుతాను, కోపం చేయకు. కొండవ్వకు చెప్పొద్దు. నా కోసం కాదు. రోజూ పసుపు పెట్టే రాళ్లు ఎవడో మర్చిపోయి పోయినవని తెలిస్తే ఆమె ఏం పట్టుకుని బతుకుతుంది? ఆ రాళ్లు వాడివే అనుకోనీ. కాగితాల్లో సరి చేశావు కదా, అది చాలు. బస్తీలో మాట నాలుగు రోజులకు దానంతట అదే మారిపోతుంది.

నా కోసం కూడా, ఎందుకు దాచాలి. కేసు అయితే నా నౌకరి పోతుంది. నా పిల్లల ముఖం చూడు. వేసవి సెలవుకు దరఖాస్తు పెట్టాను, ఇంకా సంతకం కాలేదు. వచ్చినా ఆ బస్తీలోకి ఏ ముఖం పెట్టుకుని రావాలి? సెలవు వద్దని చెబుదామా అని కూడా చూస్తున్నాను.

నీ జవాబు వచ్చేదాకా ఏమీ చేయకు. నీ కాళ్లు మొక్కుతాను.

నర్సింలు


సిద్దిపేట
23 మార్చి 2025

తమ్మీ,

నీ జవాబు కోసం ఆగలేదు. అది వచ్చేసరికే చెప్పేశాను. ఆగి ఉన్నా చెప్పేదాన్నే.

ఆమెకు ఆ రాళ్లే మిగిలాయని నేనూ అనుకున్నాను. వారం రోజులు అదే ఆలోచించాను. నోరు మూసుకోవడానికి ఎంత మంచి కారణం దొరికిందో చూడు, దయ లెక్కనే ఉంటుంది అది. కొమురేశ్ దాని కింద ఇంకా అబద్ధాలకోరుగానే పడి ఉంటాడు. నీ పిల్లల ముఖం నువ్వు చెప్పకముందే చూశాను. వాళ్లను చూశాకే బయలుదేరాను.

సాయంత్రం గుట్టకు పోయాను. కొండవ్వ అప్పుడే గంప దించి, ముళ్లకంప జరిపి లోపల కూర్చుంది. పసుపు పొట్లం విప్పుతోంది. నీ మొదటి ఉత్తరంలోని ఆ నాలుగు మాటలు చదివి వినిపించాను. ఒకసారి చదివితే అర్థం కాలేదు ఆమెకు. మళ్లీ చదివాను.

“అంటె గివి నా కొడుకు పెట్టలేదా?” అంది.

“పెట్టలేదు కొండవ్వా. మా తమ్ముడు పెట్టిండు. ఊరికి పొయ్యేటప్పుడు తీసుడు మర్శిపొయిండు.”

“మరి వాడు గుంతకెందుకు బోయిండు?”

సీసా సంగతి చెప్పాను. చిన్నవాడు ఏమన్నాడో అదే మాటల్లో చెప్పాను.

“అంటె వాడు అబద్దమాడలేదు.”

“ఆడలేదు. నేనే ఆడిండన్న. అందరు నమ్మిన్రు.”

పసుపు పొట్లం మళ్లీ మడిచి కొంగున కట్టుకుంది. తర్వాత అన్న మాట నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను, నువ్వూ మోయి. “రోజొచ్చి పసువు బెట్టి వాన్ని తిట్టిన టీచరమ్మా. గీన్నే కూసోని తిట్టిన. నాకు జెరమొస్తె నువ్వు ఈతకు బోతవారా, నన్ను మోసం జేస్తవారా, నీ నాయిన చెట్టు మీది నుంచి పడి నన్ను ఇడిశిపెట్టె, నువ్వు అబద్దమాడి ఇడిశిపెడ్తివి అని. ఒక్కనాడు గూడ మంచిగ పిలువలేదు.” అప్పుడు ఏడ్చింది. బొంద పెట్టిన రోజు కూడా అంత ఏడవలేదు. నేను పట్టుకోబోతే నా చేయి తోసేసింది. అది న్యాయమే.

ఏడుపు కాస్త తగ్గాక నేను వంగి ఒక రాయి తీయబోయాను. మాదే కదా ఈ చెత్త, తీసేద్దాం అనుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. “నువ్వు ముట్టకు. పెట్టినోడే తియ్యాలెనని నా కొడుకు నాకు జెప్పిండు. నర్సింలు సారు నేర్పిండని జెప్పిండు. సారును రమ్మను” అంది.

కేసు పెడతావా కొండవ్వా అని అడిగాను. “గదంత నాకు దెల్వదు. వచ్చి తీసెయ్యమను” అంది. కొట్టమని నా తల ఒంచినా కొట్టేది కాదు.

మరునాడు నా దగ్గరే మిగిలిన వాడి యూనిఫాం అడిగి తీసుకుపోయింది. స్కార్ఫ్ ముడి ఎట్లా వేస్తారో నాతో వేయించుకుని చూసింది. బొంద దగ్గర మట్టి మీద పరిచి వచ్చింది. దళం ఇప్పుడు మూతపడింది. మల్లేశం ఒక్కడు నడపనన్నాడు, ఇంకెవరూ ముందుకు రాలేదు. వారం విడిచి వారం పిల్లలు మా గల్లీలో నిలబడి చూసిపోతున్నారు.

కొండవ్వ ఇప్పటికీ రోజూ గుట్టకు పోతోంది. పసుపు పెట్టడం లేదు, అగరుబత్తి లేదు. ముళ్లకంప పీకేసింది. రాళ్లకు ఎదురుగా ఊరికే కూర్చుని, బస్సులు ఆగే రోడ్డు వైపు చూస్తుంది. నేనూ పోతున్నాను. చీకటి పడ్డాక ఇద్దరం దిగుతాము.

సెలవు వద్దని చెప్పే ఆలోచన మానుకో. దొరికిన రోజు రా. బస్సు దిగి ఇంటికి రాకు, అమ్మ ఎదురుచూసినా సరే, నీ పిల్లలు ఎదురొచ్చినా సరే. సామాను రోడ్డు మీది చాయ్ హోటల్లో పెట్టి గుట్ట ఎక్కు. బాట నీకు తెలిసిందే. ఆమె అక్కడే ఉంటుంది.

నీ అక్క
రోజారాణి